గుహలో జీపీఎస్ అందదు, మరి మ్యాప్ ఎలా గీస్తారు?

ప్రశ్న: కిలోమీటర్ల పొడవున్న గుహలకి కూడా మ్యాపులు ఉంటున్నాయి, ఎలా గీస్తారు? ఇప్పుడు ఫోన్లలోనే లైడార్ (లేజర్‌తో చుట్టూ దూరాలు కొలిచే సెన్సర్) వస్తోంది కాబట్టి స్కాన్ చేసుకుంటూ నడిస్తే సరిపోదా?

జవాబు: చిన్న గుహకైతే పర్లేదు గానీ, పెద్దవాటికి అదొక్కటే సరిపోదండీ. జీపీఎస్ గుహ వాకిలి దగ్గరే ఆగిపోతుంది, అక్కడి నుంచి లోపలికి ఒక పాయింటు నుంచి ఇంకో పాయింటుకి దూరం, దిక్కు, వాలు కొలుచుకుంటూ పోవడమే. ఒకప్పుడు దీనికి టేపు, దిక్సూచి, వాలు కొలిచే క్లైనోమీటరు, బురదంటిన నోటుబుక్కు ఉండేవి. ఇప్పుడు చాలామంది వాడేది డిస్టోఎక్స్. స్విట్జర్లాండ్‌కి చెందిన బీట్ హీబ్ లైకా కంపెనీ మామూలు లేజర్ మీటరుకి కొత్త సర్క్యూట్ జోడించి దీన్ని తయారుచేశారు. బటన్ నొక్కితే మూడు కొలతలూ ఒకేసారి తీసి, బ్లూటూత్‌లో ఫోన్‌లోని టోపోడ్రాయిడ్ యాప్‌కి పంపేస్తుంది.

అంత సుఖంగా ఉందని ఏమరపాటు పనికిరాదు. ఇందులో ఉన్నదీ దిక్సూచే కదా, హెల్మెట్ లైటు గానీ స్టీలు కొక్కెం గానీ దగ్గరకొస్తే దిక్కు తప్పు చూపిస్తుంది, ఒక్క డిగ్రీ తేడా వచ్చినా 100 మీటర్లకి సుమారు 1.75 మీటర్లు పక్కకి పోతాం. అందుకే ముందుగా 14 దిక్కుల్లో, ఒక్కో దిక్కులో పరికరాన్ని నాలుగు రకాలుగా తిప్పుతూ, మొత్తం 56 రీడింగులతో కాలిబ్రేట్ చేస్తారు, అంటే దాని కొలతల్లోని తప్పుని సరిచేస్తారు. విసుగు పుట్టించే పనే, కానీ తప్పించుకోవద్దు. తర్వాత అసలు పరీక్ష: వేరే దారిలో చుట్టి మళ్లీ మొదటి పాయింటుకే వస్తే లెక్క కూడా అక్కడికే రావాలి. కాస్త ఎడం మిగులుతుంది, సర్వెక్స్, థేరియన్ లాంటి సాఫ్ట్‌వేర్లు దాన్ని కొలతలన్నిటికీ పంచి సర్దుతాయి. ఎడం మరీ ఎక్కువైతే సర్దడం కాదు, మళ్లీ వెళ్లి కొలవాలి.

ఫోన్ లైడార్ చూపు దాదాపు 5 మీటర్లే, పెద్ద హాల్లో పైకప్పు దానికి అందదు. పెద్ద స్కానర్ల సంగతి వేరు, చైనాలోని మియావో గది అనే భారీ గుహ హాలుని 2013లో లేజర్‌తో కొలిస్తేనే దాని ఘనపరిమాణం సుమారు 1.08 కోట్ల ఘనపు మీటర్లని తేలింది. అయినా ఎక్కడ బురద, ఎక్కడ గాలి వీస్తోంది, ఏ సందులో మనిషి దూరగలడు అనేది మాత్రం ఇప్పటికీ అక్కడ కూర్చుని స్కెచ్ వేసేవాళ్లే రాయాలి.

ప్రశ్న: లోపలున్న గదికి సరిగ్గా పైన నేల మీద ఏ చోటు ఉందో తెలుసుకోవచ్చా?

జవాబు: తెలుసుకోవచ్చు. కింద తీగ చుట్టని నేలకి సమాంతరంగా పెట్టి, అందులోంచి తక్కువ ఫ్రీక్వెన్సీ కరెంటు పంపుతారు. ఆ అయస్కాంత క్షేత్రం రాతిని దాటుకుని పైకి వస్తుంది. పైన ఇంకో చుట్టతో వెతికి, క్షేత్రం నిటారుగా ఉన్న చోట గుర్తు పెట్టుకుంటారు, ఆ క్షేత్రాన్ని బట్టే లోతు కూడా అంచనా కడతారు.