పాత ఎం.జి.బి.కి కొత్త ఇంజిన్ వేస్తే వింటేజ్ నంబర్ వస్తుందా?

ప్రశ్న: మా నాన్నగారి 1969 మోడల్ ఎం.జి.బి. స్పోర్ట్స్ కారు చాలా ఏళ్లుగా కదలకుండా పడి ఉండి తుప్పు పట్టింది. ఆయన పోయాక దాన్ని బాగుచేయించాలని ఒక వర్క్‌షాపులో ఇచ్చాను. పాత ఇంజిన్ తీసేసి కొత్త తరం ఇంజిన్ ఎక్కిస్తే రోజూ ఆఫీసుకు వేసుకెళ్లొచ్చని వాళ్లు అంటున్నారు. నాకేమో వింటేజ్ నంబర్ కావాలని ఉంది. పైగా నేను చెప్పని పనులేవో చేశామంటూ ఎస్టిమేట్‌కు మించి బిల్లు వేశారు. అది కట్టేదాకా కారు ఇవ్వరట. ఆర్సీ ఇంకా నాన్నగారి పేరు మీదే ఉంది. ఏం చేయాలి?

జవాబు: వింటేజ్ నంబరు, కొత్త ఇంజిను రెండూ కుదరవు. ఇంజిన్ మార్చకముందే అడిగారు కాబట్టి సరిపోయింది.

2021లో కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో వింటేజ్ వాహనాల కోసం 81ఎ మొదలు కొన్ని కొత్త నిబంధనలు చేర్చారు. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న బండికి ‘వీఏ’ అక్షరాల నంబరు ఇస్తారు. ఫీజు 20,000 రూపాయలు. ఛాసిస్‌లో (బండి అడుగు చట్రంలో) గానీ, బాడీ షెల్‌లో గానీ, ఇంజిన్‌లో గానీ మార్పు చేస్తే ఆ అర్హత పోతుంది. ఇంకో మెలిక కూడా ఉంది. వింటేజ్ బండిని ర్యాలీలకు, ప్రదర్శనలకు, పెట్రోలు కోసమో రిపేరు కోసమో తీయొచ్చు. రోజువారీ వాడకానికి మాత్రం వీల్లేదు. అంటే ఆఫీసుకు వెళ్లాలనుకుంటే మీకు కావలసింది వింటేజ్ నంబరు కాదు, మామూలు రిజిస్ట్రేషన్ రెన్యువల్.

పోనీ మామూలు రిజిస్ట్రేషన్‌తోనే ఉంచి ఇంజిన్ మారుద్దామా అంటే, అక్కడ మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 అడ్డొస్తుంది. కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండి స్వరూపాన్ని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా స్పష్టంగా చెప్పింది. అనుమతి లేని మార్పు చేస్తే సెక్షన్ 182ఎ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. సీఎన్జీకి, బ్యాటరీకి మారడానికి చట్టంలో దారి ఉంది కానీ దానికి ఆమోదం పొందిన కిట్టే వాడాలి, ఆర్సీలో ఎక్కించాలి. వేరే కంపెనీ పెట్రోలు ఇంజిన్‌కు అనుమతి వస్తుందని మాత్రం ఆశ పెట్టుకోకండి. ‘అదంతా మేం చూసుకుంటాం సార్’ అని వర్క్‌షాపు వాళ్లు అంటారు. రేపు చెకింగ్‌లో ఇంజిన్ నంబరు ఆర్సీతో కలవకపోతే సమాధానం చెప్పుకోవాల్సింది మీరే.

ఆ పాత 1798 సీసీ ఇంజిన్‌నే రీబోర్ చేయించి (అరిగిన సిలిండర్లను లోపల సాపు చేయించి), పిస్టన్లు, వాల్వులు మార్పించుకోండి. కంపెనీ కొలతలకు తిరిగి తేవడాన్ని ‘మార్పు’ అనలేమన్నది నా అభిప్రాయం. చిక్కంతా టింకరింగ్ దగ్గర వస్తుంది. ఎం.జి.బి.కి విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే బరువంతా మోస్తుంది. తలుపుల కింద తుప్పు తిన్న భాగాన్ని కోసి కొత్త రేకు వెల్డింగ్ చేస్తే అది రిపేరా, మార్పా అన్న ప్రశ్న వస్తుంది. అందుకే కోయకముందు, కోశాక, అతికాక తేదీ కనిపించేలా ఫొటోలు తీయించండి. రేకు పాత ఆకారంలోనే ఉండాలి. ఛాసిస్ నంబరు ఉన్న ప్లేటు జోలికి గ్రైండర్ వెళ్లకూడదు, దాని మీద పెయింటూ పడకూడదు. నంబరు చెదిరితే దొంగబండి కాదని నిరూపించుకోవడానికే పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది.

ఇక బిల్లు గొడవ. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 170 ప్రకారం, చేసిన పనికి కూలి అందేదాకా వస్తువును ఆపుకునే హక్కు పనివాడికి ఉంది. కాబట్టి ‘కారు పట్టుకెళ్లిపోతా’ అని దౌర్జన్యానికి దిగకండి. ఆ హక్కు మీరు ఒప్పుకున్న పని వరకే. జాబ్ కార్డ్, ఎస్టిమేట్, వాట్సాప్ మెసేజులు అన్నీ తీసి ఒప్పుకున్న మొత్తం ఎంతో లెక్క తేల్చండి. దాన్ని బ్యాంకు ద్వారా కట్టి, మిగతాదానికి ఒప్పుకోవడం లేదని లాయరు నోటీసు ఇప్పించండి. అప్పటికీ కారు ఇవ్వకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్లలోపు వెళ్లొచ్చు. నోటీసులోనే విప్పిన పాత సామాను జాబితా కూడా అడగండి. జంట ఎస్.యు. కంపెనీ కార్బ్యురేటర్లు, డాష్‌బోర్డు మీటర్లు, వైర్ వీల్స్ లాంటివి షెడ్డులో ‘పోయాయి’ అనిపించుకోవడం మామూలే. అవి మీ సొత్తు, వాటిని జాగ్రత్తగా చూసే బాధ్యత వర్క్‌షాపుదే.

వీటన్నిటికంటే ముందు ఆర్సీ పని చూడండి. యజమాని చనిపోయిన 30 రోజుల్లో ఆర్టీఓకు తెలపాలి, మూడు నెలల్లోపు ఫారం 31తో పేరు మార్పుకు దరఖాస్తు చేయాలి. గడువు దాటినా ఇప్పుడైనా పెట్టండి, ఆలస్యానికి అదనంగా కట్టాల్సి రావచ్చు. మరణ ధ్రువీకరణ పత్రంతో పాటు మిగతా వారసుల అంగీకారం రాయించి పెట్టుకోండి. ఇన్సూరెన్సు కూడా మీ పేరు మీదకు మారేదాకా, పని పూర్తయినా సరే, బండిని రోడ్డెక్కించకండి.