తెరలు గీయడం ఆపి హార్బర్‌కు వెళ్లు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

సముద్రంలో చేపల వేటకు వెళ్లేవారి కోసం మీరు చేస్తున్న యాప్ తెరలు చూశాను. లేత నీలం మీద తెల్లని అక్షరాలు రుషికొండలో మీ ఏసీ గదిలో ముచ్చటగానే ఉంటాయి. మిట్టమధ్యాహ్నం నడిసముద్రంలో మాత్రం ఒక్కటీ కనబడదు. అక్షరానికీ దాని వెనుక రంగుకూ వెలుగులో తేడా (కాంట్రాస్ట్) కనీసం 4.5:1 ఉండాలన్నది వెబ్ ప్రమాణం. ఆ ఎండకు అదీ చాలదు. తెలుపు మీద నలుపు పెట్టు, అందం సంగతి తర్వాత.

అంతకన్నా పెద్ద చిక్కు మీ సౌకర్యాల జాబితాలో ఉంది. డీజిలు లెక్క, ఐసు లెక్క, కూలీ లెక్క: ఇవన్నీ బోటు యజమాని అడిగినవి. డబ్బిచ్చేది ఆయన కనుక ఆయన మాట చెల్లింది. ఫోను పట్టుకుని నీళ్ల మీదకు వెళ్లేది బోటు నడిపే డ్రైవరూ, వల లాగే కలాసీలూ కదా, వాళ్లనెవరైనా అడిగారా?

తెల్లవారకముందే, వేలంపాట జరిగే వేళకు ఫిషింగ్ హార్బర్‌కు వెళ్లు. మొదటి రోజు యాప్ చూపించకు. "ఇలాంటిది ఉంటే వాడతారా?" అని అసలే అడగకు. పిల్ల ముఖం చిన్నబోతుందని "బాగుందమ్మా" అనేస్తారు. "మొన్న బయలుదేరేముందు వాతావరణం ఎలా తెలుసుకున్నారు? ఎవరికి ఫోను చేశారు?" అని జరిగిన సంగతి అడుగు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకు వేట నిషేధం కనుక ఆ 61 రోజులూ తీరికగా మాట్లాడతారు. కానీ యాప్‌ను పరీక్షించడానికి ఆ రోజులు పనికిరావు. ఒడ్డున సిగ్నల్ ఉంటుంది, చేతులు పొడిగా ఉంటాయి.

తెర మీద నీటిబొట్టు పడితే ఫోను దాన్నీ వేలే అనుకుంటుంది. గూగుల్ చెప్పే 48 డీపీ (ఆండ్రాయిడ్ తెర మీద వాడే కొలమానం) కనీస కొలతను రెట్టింపు చేసి బటన్లు పెట్టు. రెండు వేళ్లతో లాగే పనులేవీ వద్దు.

తీరం నుంచి కొంత దూరం పోతే సిగ్నల్ ఉండదు. అక్కడ ఓటీపీ అడిగే యాప్ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇంకాయిస్ ఇచ్చే చేపల జాడ సమాచారంలో దిక్కు, దూరం, లోతు ఉంటాయి. రేవులో ఉండగానే అవి ఫోనులోకి చేరిపోవాలి. పటం బొమ్మకన్నా అంకెలే ముఖ్యం, డ్రైవరు జీపీఎస్‌లో కొట్టుకునేది వాటినే. ఆ సమాచారం ఏ రోజు, ఏ గంటకు వచ్చిందో కూడా పెద్దగా కనబడాలి. పాత హెచ్చరిక తాజాదానిలా కనబడటం ప్రాణం మీదకు తెస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విరుచుకుపడ్డాక మన విశాఖ నగరంలోనే ఫోన్లు మూగబోయాయి, సముద్రం సంగతి చెప్పాలా?

మీ హెచ్చరిక తెర చూసి నిజంగా ఉలిక్కిపడ్డాను. "సముద్రంలోకి వెళ్లరాదు" అన్న వాక్యం చిన్న ఫోనులో పట్టక "సముద్రంలోకి వెళ్ల..." దగ్గర తెగిపోయింది. మన భాషలో వద్దనే మాట చివర వస్తుంది. చివర తెగితే వెళ్లమన్నట్టో వద్దన్నట్టో తెలియదు. ఇంగ్లిషు కొలతలతో గీసిన పెట్టెలో తెలుగు పోస్తే ఇలాగే ఉంటుంది. పైన గుడులు, కింద వత్తులు కూడా నలిగిపోతాయి. "వెళ్లవద్దు" అని ముందు పెట్టి, కారణం కింద రాయి. రేవులో ఎగరేసే ప్రమాద హెచ్చరిక నంబరు కూడా పక్కనే వేయి. గాలి వేగం కన్నా ఆ నంబరే వాళ్లకు తొందరగా అర్థమవుతుంది.

చేపలమ్మే ఆడవాళ్లకూ ఇదే యాప్ అంటున్నారట. వద్దు, వాళ్ల పని వేరు. పైగా చాలా ఇళ్లలో ఫోను కొడుకు దగ్గర ఉంటుంది, ఓటీపీ అతనికే పోతుంది. వాళ్ల సంగతి విడిగా చూడండి.

మీ మేనేజరు ఒప్పుకోకపోతే వాదించకు. ఆ తెగిన హెచ్చరికను చౌక ఫోనులో తెరిచి, తెర మీద కాసిని నీళ్లు చల్లి, చేతికివ్వు. కొత్త తెరలు మాత్రం హార్బర్‌కు వెళ్లొచ్చాకే పంపు.

మీ మామయ్య