పార్టీల ఇళ్ల హామీలు ఎలా పోల్చుకోవాలి? మా అప్ప ఇంటి లెక్కల పుస్తకం చూసి చెబుతున్నా

మీరు అడిగింది ఇదీ: వచ్చే లోక్‌సభ ఎన్నికల్లో మొదటిసారి ఓటేస్తున్నాను, అన్ని పార్టీలూ ఇళ్లిస్తామనే అంటాయి, ఏది నయమో ఎలా తేల్చుకోవాలి అని. నేను ఏ పార్టీ మనిషినీ కాదు. బొబ్బిలి దగ్గర పల్లెలో మా అప్ప (అక్కను మా వైపు అలాగే అంటాం) ఇల్లు కట్టుకోవడానికి నాలుగేళ్లకు పైగా పడ్డ పాట్లు దగ్గరుండి చూసినవాణ్ణి. ఆ ఇంటి ఖర్చులు రాసిన పుస్తకం నా దగ్గరే ఉంది. నాకు తెలిసిన రాజకీయమంతా అందులోదే.

మన రాష్ట్రంలో లోక్‌సభకూ అసెంబ్లీకీ ఒకే రోజు ఓటేస్తాం కాబట్టి ఇల్లు ఎవరిచ్చారన్న లెక్క కలగాపులగం అయిపోతుంది. మా ఊళ్లో ఎన్టీఆర్ కాలనీ ఉంది, ఇందిరమ్మ కాలనీ ఉంది, జగనన్న కాలనీ కూడా ఉంది. బోర్డు చూస్తే ఎవరికి వారు జేబులోంచి తీసి ఇచ్చినట్టే ఉంటుంది. మా అప్ప ఇల్లు తీసుకోండి. స్థలం వైసీపీ ప్రభుత్వం ఇచ్చింది, 2020 డిసెంబరు చివర్లో సెంటున్నర పట్టా, అప్ప పేరు మీదే. (ఆ నెల 30న అప్పటి ముఖ్యమంత్రి విజయనగరం పక్కన గుంకలాం వచ్చి పట్టాలు పంచారు. అక్కడ ఒక్క లేఅవుట్‌లోనే 12 వేలకు పైగా ప్లాట్లు.) ఇంటి సాయం 1.80 లక్షలు, అందులో 1.50 లక్షలు కేంద్రానివి. మధ్యలో ఆగిపోతే, కూటమి ప్రభుత్వం 2025 మార్చిలో ప్రకటించిన అదనపు సాయం బీసీలకు 50 వేలు అందుకుని స్లాబ్ వేశాం. ఒకే ఇంట్లో ఇంతమంది డబ్బు ఉంటే ఏ పార్టీ ఇల్లు అనాలి?

అందుకే నేను మేనిఫెస్టోలో ఎన్ని లక్షల ఇళ్లు అన్నది చదవను. ఒక్క ఇంటికి ఎంత ఇస్తారు, ఆ డబ్బు ఎప్పుడు పడుతుంది, స్థలం ఎక్కడ, ఇంతే చూస్తాను.

ఎంత అన్నది ముందు. 2016లో కేంద్రం ఇళ్ల పథకం, ప్రధానమంత్రి గ్రామీణ ఆవాస్ యోజన మొదలైనప్పుడు మైదాన ప్రాంతంలో ఇంటికి 1.20 లక్షలు, కేంద్రం 60, రాష్ట్రం 40 పాళ్లు. అంటే కేంద్రం వాటా 72 వేలు. 2024లో ఆ పథకాన్ని 2029 దాకా పొడిగించినప్పుడు కూడా అదే 1.20 లక్షలు ఉంచారు. ఈలోగా సిమెంటు బస్తా, ఐరన్, మేస్త్రి కూలి ఎక్కడికి పోయాయో ఇల్లు కట్టినవాళ్లను అడగండి. అదే ఆవాస్ యోజన పట్టణ పథకంలో సొంత స్థలంలో కట్టుకునేవాళ్లకు కేంద్రం వాటా 1.50 లక్షలు. 2015 నుంచి అదీ అంతే, రెండో విడతలో మాత్రం రాష్ట్రం కనీసం లక్ష కలపాలన్నారు. ఇక్కడో తమాషా చెప్పాలి. మాది పంచాయతీ, చుట్టూ పొలాలే. అయినా బొబ్బిలి అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీ పరిధిలో ఉంది కాబట్టి అప్ప ఇల్లు పట్టణ పథకం కింద మంజూరైంది. మీ ఊరు ఇలాంటి అథారిటీలో ఉందో లేదో ముందు కనుక్కోండి.

ఇక పుస్తకం. మొదటి పేజీలో ఇటుకా లేదు, సిమెంటూ లేదు, మట్టి ఉంది. లేఅవుట్ పల్లంలో ఉంది, వానొస్తే మడమ లోతు నీళ్లు. పునాది లేపడానికే 11 ట్రాక్టర్ల మట్టి, ట్రాక్టరు 700. మాకొచ్చిన సాయంలో దీనికి పద్దు లేదు. 340 చదరపు అడుగుల ఇంటికి చివరికి తేలిన ఖర్చు 4.12 లక్షలు. ప్రభుత్వాల నుంచి వచ్చింది 2.30. మిగతా 1.82 లక్షల్లో డ్వాక్రా సంఘం నుంచి పావలా వడ్డీకి 35 వేలు, చెవి దుద్దులు తాకట్టు పెడితే 40 వేలు, నేనిచ్చింది 60 వేలు, మా బావ చెన్నై నుంచి పంపింది 47 వేలు. బావ అక్కడ సెంట్రింగ్ పని చేస్తాడు. స్లాబ్‌కు సెలవు పెట్టి వచ్చి చెక్కలు తనే కొట్టాడు, అందుకే ఆ కూలి పుస్తకంలో లేదు.

ఎప్పుడు అన్నదాని దగ్గరే మా అప్ప బాగా నలిగింది. బిల్లు ఒకేసారి రాదు. బేస్‌మెంట్ లెవెల్, రూఫ్ లెవెల్, స్లాబ్, ఇలా దశకు ఇంత. ముందు మనం కట్టాలి, వాళ్లొచ్చి ఫొటో తీసి ఆన్‌లైన్‌లో ఎక్కించాలి, తర్వాత డబ్బు. చేతిలో పెట్టుబడి ఉన్నవాడికి ఇబ్బంది లేదు, లేనివాడి కోసమే కదా పథకం! 2023 ఆగస్టులో గోడలు రూఫ్ లెవెల్‌కు వచ్చాయి. ఫొటో ఎక్కింది, డబ్బు ఎక్కలేదు. ఫొటో తీసిన అబ్బాయి పైకి పంపించేశానన్నాడు, పైన అడిగితే కింది నుంచి రాలేదన్నారు. ప్రతి సోమవారం అప్ప ఫోను, "ఏటి తమ్ముడా, బిల్లు పడిందేటి?" అని. ఏడు నెలలకు పడింది, పడింది పడ్డట్టే ఇటుకల బాకీకి పోయింది. అంతలో 2024 మార్చి 16న ఎన్నికల కోడ్ వచ్చింది, తాపీమేస్త్రి వేరే ఊరి పనికి వెళ్లిపోయాడు. 2025 మే దాకా స్లాబ్ లేదు. పిల్లర్ల మీద నిలబెట్టిన ఊచలు తుప్పుపట్టి, వానలకు ఆ ఎర్రనీళ్లు గోడ మీద చారలు కట్టాయి. సున్నం వేసినా ఇప్పటికీ ఒక మూల కనిపిస్తాయి.

ఎక్కడ అన్నది జనం తక్కువగా అడుగుతారు. సెంటంటే 48.4 గజాలు. వైసీపీ ఊళ్లలో ఇచ్చింది సెంటున్నర, పట్టణాల్లో సెంటు. 2024లో టీడీపీ, జనసేన మేనిఫెస్టో ఊళ్లలో మూడు, పట్టణాల్లో రెండు సెంట్లు అంది. కాగితం మీద రెట్టింపు, మంచిదే. కానీ ఊరికి ఆనుకుని సెంటున్నరా, మూడు కిలోమీటర్ల అవతల మూడు సెంట్లా అంటే మా అప్ప మొదటిదే అడుగుతుంది. ఆవిడ కూలి పని, రేషన్, పిల్లాడి బడి అన్నీ ఊళ్లోనే. టిడ్కో ఫ్లాట్ల మీద, అంటే పట్టణాల్లో ప్రభుత్వం కట్టించే అపార్ట్‌మెంట్ల మీద, నాకు అనుభవం లేదు. 300 అడుగుల ఫ్లాటులో ఆవులూ కోళ్లూ ఉన్న ఇల్లు సర్దుకోలేదు, అవి పట్టణం వాళ్లకే కుదురుతాయి.

జాతీయ పార్టీలకు వస్తే, బీజేపీ 2019లో 2022 నాటికి అందరికీ పక్కా ఇల్లు అంది, 2024లో ఇంకో 3 కోట్ల ఇళ్లు అంది. ఆ రెండో మాటే మొదటి మాట పూర్తికాలేదని చెబుతోంది. అయితే గెలిచాక తొలి కేబినెట్‌లోనే ఆ 3 కోట్లకు ఆమోదం తెలిపింది, అదీ లెక్కలో వేయాలి. కాంగ్రెస్ 2019లో ఇల్లూ స్థలమూ లేని కుటుంబానికి స్థలం హక్కుగా ఇచ్చే చట్టం తెస్తామంది. నా మట్టుకు హక్కు అన్న మాట బరువైనదే, కోర్టుకు వెళ్లొచ్చు. కానీ స్థలం ఒక్కటే ఉంటే మా అప్పకు 11 ట్రాక్టర్ల మట్టి దగ్గరే ఆగిపోయేది.

కాబట్టి ఎంపీ అభ్యర్థి మీ వీధికొస్తే ఒక్కటే అడగండి: కేంద్రం ఇచ్చే 72 వేలు, లక్షన్నర ఎంతకు పెంచుతారు? లేఅవుట్ ఎక్కడ, మెరక ఎవరు చేయిస్తారు, రోడ్డు, డ్రైన్, బిల్లు ఎన్ని రోజుల్లో అన్నవి ఎమ్మెల్యే అభ్యర్థిని అడగాలి. రెండు ఓట్లు కాబట్టి రెండు ప్రశ్నలూ వేరు పెట్టుకోండి. మీకు ఉద్యోగం ఉండి బ్యాంకు లోను తీసుకునే ఆలోచన ఉంటే ఈ గొడవంతా అక్కర్లేదు, పట్టణ పథకం రెండో విడతలో వడ్డీ రాయితీ 1.80 లక్షల దాకా ఉంది, అది చూసుకోండి.

మా అప్ప గృహప్రవేశం అయిపోయింది. కాలనీలో డ్రైన్ మాత్రం ఇంకా తవ్వలేదు. వాడిన నీళ్లు రోజూ బకెట్టుతో పక్క పొలం గట్టు దాకా మోసి పోస్తోంది.