మియాపూర్ ఫ్లాట్ అమ్మి విశాఖ వెళ్లాలా? ముందు అమ్మాయి తరగతి చూడండి

ప్రశ్న: మాది విజయనగరం. పెళ్లయినప్పటి నుంచి హైదరాబాద్‌లోనే ఉంటున్నాం. నా వయసు 41. ఐటీ ఉద్యోగం, నెలకు చేతికి 1.15 లక్షలు వస్తుంది. నా భార్య ప్రైవేటు స్కూల్లో టీచర్, జీతం 28 వేలు. అమ్మాయి 7వ తరగతి, డాక్టర్ అవుతానంటుంది. బాబు 3వ తరగతి. మియాపూర్‌లో 2016లో 48 లక్షలకు కొన్న ఫ్లాట్ ఇప్పుడు 95 లక్షలు పలుకుతోంది. లోన్ ఇంకా 14 లక్షలుంది, ఈఎంఐ 31 వేలు. ఫండ్లలో 22 లక్షలు, ఈపీఎఫ్‌లో 16 లక్షలు, ఎఫ్‌డీలో 6 లక్షలు ఉన్నాయి. నెలకు 35 వేలు సిప్ కడుతున్నాను. ఈఎంఐతో కలిపి ఇంటి ఖర్చు 85 వేలు. అమ్మానాన్నలు ఊళ్లో ఇద్దరే ఉంటున్నారు. విశాఖ వెళ్లిపోవాలని మా ఇద్దరికీ ఎప్పటి నుంచో కోరిక. ఆఫీసులో ఇంటి నుంచే పని చేసుకోమన్నారు. ఫ్లాట్ అమ్మేసి మధురవాడలో 80 లక్షల్లో ఫ్లాట్, భోగాపురం వైపు 200 గజాల స్థలం తీసుకుందామనుకుంటున్నాం. స్థలం మా బావమరిది చూపించాడు. ప్రీ-లాంచ్‌లో గజం 14 వేలు, సగం ఇప్పుడే కట్టాలట. అమ్మితే పన్ను ఎంత పడుతుంది? ఈ ప్లాన్ సరైనదేనా?

జవాబు: విశాఖ వెళ్లండి. కానీ ఫ్లాట్ అమ్మకుండా వెళ్లండి, అక్కడ ఏమీ కొనకుండా వెళ్లండి. ఏ జూన్‌లో వెళ్లాలో మాత్రం మీ అమ్మాయి తరగతిని బట్టి నిర్ణయించుకోండి. మీ ఉత్తరంలో డబ్బు లెక్కలన్నీ ఉన్నాయి గానీ, నా దృష్టిలో అన్నిటికంటే ఖరీదైన ఆ లెక్క లేదు. అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను.

మన రెండు రాష్ట్రాల్లోనూ ఎంబీబీఎస్ కన్వీనర్ కోటా (ర్యాంకును బట్టి కౌన్సెలింగ్‌లో ఇచ్చే) సీట్లలో కనీసం 85 శాతం స్థానికులకే. స్థానికత తేల్చేది ఆధార్‌లోని అడ్రసు కాదు, సొంతూరూ కాదు. ఇంటర్ రెండో ఏడాదితో ముగిసేలా వరసగా నాలుగేళ్లు ఎక్కడ చదివారన్నది ముఖ్యం. అంటే 9, 10, ఇంటర్ రెండేళ్లు. తెలంగాణలో మెడికల్ సీట్లకు ఈ నాలుగేళ్ల నిబంధనను 2025లో సుప్రీంకోర్టు కూడా సమర్థించింది. మీ అమ్మాయి 9వ తరగతి విశాఖలో మొదలుపెడితే ఇంటర్ అయ్యేసరికి, విశాఖ కిందికి వచ్చే ఆంధ్రా యూనివర్సిటీ ప్రాంతంలో నిక్షేపంగా లోకల్. పదో తరగతి ఇక్కడ పూర్తిచేయించి ఇంటర్‌కు అక్కడ చేర్పించారనుకోండి, ఇక్కడ నాలుగేళ్లూ పూర్తికావు, అక్కడ రెండేళ్లే అవుతాయి. రెంటికీ చెడ్డ రేవడి అవుతుంది. లోకల్ కాలేకపోయిన పిల్లకు మేనేజ్‌మెంట్ సీటు కొనాల్సి వస్తే మియాపూర్ ఫ్లాట్ మొత్తం అమ్మినా సరిపోకపోవచ్చు.

కాబట్టి మీకున్న గడువు ఆమె 9వ తరగతి మొదలయ్యే జూన్. ఇప్పటి నుంచి దాదాపు ఏడాదిన్నర. అది దాటితే ఇంటర్ పూర్తయ్యే దాకా ఆగడమే మంచిది. బాబు చిన్నవాడు, వాడితో పేచీ లేదు. స్టడీ సర్టిఫికెట్లు మాత్రం ఇద్దరివీ ఇప్పుడే తీసి పెట్టుకోండి. వదిలేసి వచ్చిన స్కూలు నుంచి ఐదేళ్ల తర్వాత ఆ కాగితం తెచ్చుకోవడం ఎంత తలనొప్పో పడ్డవాళ్లకే తెలుసు.

ఇక ఉద్యోగం. 'ఇంటి నుంచి చేసుకోమన్నారు' అని రాశారు. ఎవరన్నారు? మేనేజర్ నోటిమాటా, హెచ్‌ఆర్ ఇచ్చిన ఉత్తరమా? మేనేజర్ మారితే మాట మారుతుంది. వారానికి మూడు రోజులు ఆఫీసుకు రమ్మని ఒక్క మెయిల్ వస్తే, సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి పొద్దున్నే నాంపల్లిలో దిగి లాగిన్ అవడం నాలుగు వారాలు సరదాగా ఉంటుంది, ఐదో వారం ఉండదు. పని చేసే చోటు విశాఖ అని రాతపూర్వకంగా తీసుకోండి. విశాఖలో ఐటీ కంపెనీలు పెరుగుతున్న మాట నిజమే. రుషికొండ కొండల మీద ఆఫీసులున్నాయి, పెద్ద పేర్లు వస్తున్నాయి. అయినా ఉద్యోగం పోతే హైదరాబాద్‌లో దొరికినంత తొందరగా అక్కడ మీ స్థాయి ఉద్యోగం దొరుకుతుందని నేను అనుకోను. అందుకే హైదరాబాద్ వాళ్లకు ఆరు నెలల ఖర్చు చేతిలో ఉంచుకోమంటాను, మీకు ఏడాది ఖర్చు అంటాను. నెలకు 85 వేల చొప్పున 10.2 లక్షలు. ఎఫ్‌డీలో 6 లక్షలున్నాయి, ఇంకో 4.2 లక్షలు కావాలి. సిప్‌లో 23 వేలు ఆపి 18 నెలలు రికరింగ్ డిపాజిట్ కడితే అసలే 4.14 లక్షలు, వడ్డీతో లెక్క సరిపోతుంది. మిగతా 12 వేల సిప్ అలాగే నడవనివ్వండి. ఈపీఎఫ్, ఫండ్ల జోలికి పోవద్దు. సామాన్ల లారీ, స్కూలు అడ్మిషన్లు, ఇంటి అడ్వాన్సు వగైరాలకు మరో రెండు మూడు లక్షలవుతుంది. అది బోనస్ నుంచి పక్కన పెట్టండి.

మీ ఆవిడ జీతం 28 వేలు మొదటి ఏడాది రాదనుకునే లెక్క వేసుకోండి. ప్రైవేటు స్కూళ్లు టీచర్లను వేసవిలోనే తీసుకుంటాయి. మీరు వెళ్లే ఏడాది ఏప్రిల్‌లోనే ఆమె ఒకసారి వెళ్లి ఇంటర్వ్యూలు ఇచ్చి వస్తే నయం. జూన్‌లో సామాన్లు సర్దుకున్నాక వెతుక్కుంటే ఏడాది పోయినట్టే. ఇద్దరి కోరిక అని రాశారు గానీ, ఈ మార్పులో ఉద్యోగం వదులుకుంటున్నది ఆవిడ ఒక్కరే. ఆ సంగతి ఇంట్లో ఒకసారి తీరిగ్గా మాట్లాడుకోండి.

ఇల్లు ఎందుకు కొనొద్దంటున్నానంటే, 80 లక్షల ఫ్లాట్‌కు రిజిస్ట్రేషన్ ఖర్చే ఏడున్నర శాతం చొప్పున 6 లక్షలు. మధురవాడ మీకు నప్పకపోతే, లేదా ఆఫీసు వెనక్కి పిలిస్తే ఆ 6 లక్షలు గంగలో కలిసినట్టే. మీ ఫ్లాట్‌కు మియాపూర్‌లో 25 వేల దాకా అద్దె రావాలి. మధురవాడలో అంతకంటే ఒక పైసా ఎక్కువ ఇవ్వను అని గిరి గీసుకుని వెతకండి. అప్పుడు ఇల్లు మారినందుకు మీ నెల ఖర్చు పెద్దగా పెరగదు. లోన్ ఇదే ఈఎంఐతో నాలుగున్నరేళ్లలో తీరిపోతుంది. వచ్చిన అద్దెలో 30 శాతం తీసేశాకే పన్ను లెక్కిస్తారు కాబట్టి ఆ భారమూ తక్కువే.

ఒక ఏడాది అద్దెకుంటే బ్రోచర్ చెప్పనివి చాలా తెలుస్తాయి. మే నెల ఉక్కపోత తెలుస్తుంది. అక్టోబరు, నవంబరుల్లో తుపాను హెచ్చరిక వస్తే ఇంట్లో ఎలా ఉంటుందో తెలుస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి వెళ్లాక రోజుల తరబడి కరెంటు లేకుండా గడిపిన ఊరది. బీచ్‌కు దగ్గరగా ఏ ఫ్లాట్ చూసినా హాల్లో టైల్స్ కాదు, బాల్కనీలోకి వెళ్లి ఏసీ అవుట్‌డోర్ యూనిట్ చూడండి. కిటికీ గ్రిల్ కింది అంచు గోటితో గీరండి. పెయింట్ పొక్కులు లేచి ఎర్రటి పొడి రాలుతుంటే ఉప్పుగాలి ఏ స్థాయిలో తగులుతోందో అర్థమవుతుంది. ఆ మరమ్మతు ఖర్చు ఏటా మీదే. అన్నట్టు, విశాఖలో ఉండేవాళ్లు బీచ్‌కు ఎక్కువగా వెళ్లేది హైదరాబాద్ నుంచి చుట్టాలొచ్చినప్పుడే. మీరైనా రోజూ వెళ్లండి.

పన్ను సంగతి. కొని రెండేళ్లు దాటాక అమ్ముతున్నారు కాబట్టి ఇది దీర్ఘకాలిక లాభం. 95 లక్షలకు అమ్మితే లాభం 47 లక్షలు. దాని మీద 12.5 శాతం అంటే దాదాపు 5.88 లక్షలు. 2024 జులై 23కు ముందు కొన్న ఇల్లు కాబట్టి ద్రవ్యోల్బణం సర్దుబాటుతో 20 శాతం లెక్క కూడా వేసి, ఏది తక్కువైతే అది కట్టొచ్చు. 2025-26 ద్రవ్యోల్బణ సూచీ ప్రకారం మీ 48 లక్షలు 68.36 లక్షలవుతాయి. లాభం 26.64 లక్షలకు దిగి పన్ను 5.33 లక్షలవుతుంది. సెస్సు, సర్‌చార్జి వేరే. అమ్మిన రెండేళ్లలోపు ఇంకో ఇల్లు కొంటే, లేదా మూడేళ్లలో కట్టుకుంటే, ఆ ఇంటి ఖర్చు 47 లక్షలు దాటితే పన్నే ఉండదు. రిటర్ను గడువులోగా ఖర్చుపెట్టని సొమ్మును బ్యాంకులో క్యాపిటల్ గెయిన్స్ ఖాతాలో వేయాలి. అమ్మకానికి ముందు ఏడాదిలో కొన్న ఇంటికీ ఈ మినహాయింపు వర్తిస్తుంది. అంటే తొందరపడి ఇప్పుడే అమ్మినంత మాత్రాన పన్నులో మీకు కలిసొచ్చేదేమీ లేదు. ఖాళీ స్థలానికి మాత్రం ఈ మినహాయింపు రాదు. అందులో గడువులోగా ఇల్లు లేవాలి.

ఆ స్థలం విషయానికొస్తే, ఒక్క రూపాయి కూడా కట్టొద్దు. 28 లక్షల్లో సగం, అంటే 14 లక్షలు, మీ లోన్ బాకీ అంత. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు దాటిన వెంచర్‌ను రిజిస్టర్ చేయించకుండా అమ్మకూడదు, ప్రకటన కూడా ఇవ్వకూడదు. రిజిస్టరయిన వెంచర్లో సైతం అగ్రిమెంటు రిజిస్ట్రేషన్ కాకుండా 10 శాతానికి మించి తీసుకోకూడదు. సగం ఇప్పుడే అడుగుతున్నారంటే ఆ మాటతోనే కథ తేలిపోయింది. భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరిట విమానాశ్రయం పనులు మొదలైన దగ్గర్నుంచి ఆ వైపు బ్రోచర్లలో దూరం కిలోమీటర్లలో ఉండదు, నిమిషాల్లో ఉంటుంది. రెరా నంబరు వచ్చాక కూడా లేఅవుట్ అనుమతి, 30 ఏళ్ల ఈసీ (ఆ స్థలం మీది లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు) చూడాలి. సర్వే నంబరు రిజిస్ట్రేషన్ కుదరని 22ఏ నిషేధిత జాబితాలో ఉందా, ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూమా అన్నది లాయరుతో చూపించాలి. బావమరిదితో నేరుగా కాదనడం ఇబ్బందైతే నా పేరు చెప్పండి. ఇంకొకరి మీదకు నెట్టడానికే మాలాంటివాళ్లం ఉన్నాం.

చిన్నవి రెండు. కారు ఏడాదికి మించి అక్కడ ఉంచితే ఇక్కడి ఆర్టీఏ నుంచి ఎన్‌ఓసీ తీసుకుని ఆంధ్రాలో మళ్లీ రిజిస్టర్ చేయించి లైఫ్ ట్యాక్స్ కట్టాలి. బండి పాతదైతే ఇక్కడే అమ్మి వెళ్లడం చవక. రెండోది ఆరోగ్య బీమా. కంపెనీ పాలసీని నమ్ముకుని ఊరు మారొద్దు. మీ నలుగురికీ కలిపి సొంత ఫ్లోటర్ పాలసీ, తల్లిదండ్రులకు విడిగా ఇంకొకటి ఇప్పుడే తీసుకోండి. ముందున్న జబ్బులకు మూడేళ్ల దాకా వెయిటింగ్ ఉండొచ్చు కాబట్టి ఆ గడియారం ఎంత త్వరగా మొదలైతే అంత మంచిది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల ప్రీమియం మీద జీఎస్టీ కూడా లేదు.

ఈ నెలలో హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టండి. జవాబు వచ్చాక అందులోని షరతులు, అమ్మానాన్నల వయసులు, వాళ్లకున్న బీపీ, షుగర్ వివరాలు నాకు రాయండి. ఎంత కవరేజీ తీసుకోవాలో అప్పుడు చెబుతాను.