ఏజెంటా, డిస్ట్రిబ్యూటరా? కమీషన్ లెక్క ఒక్కటే చూడకండి

నీటి పంపులు తయారుచేస్తున్నాం, మొదటిసారి విదేశాల్లో అమ్మాలి, ఏజెంటా డిస్ట్రిబ్యూటరా అని అడిగారు. డిస్ట్రిబ్యూటర్ మార్జిన్ కంటే ఏజెంట్ కమీషన్ తక్కువ కాబట్టి అదే లాభం కదా అని కూడా రాశారు. ఆ ఒక్క లెక్కతో ఇది తేలదండీ.

మేం వాల్వులు చేస్తాం. మొదట డిస్ట్రిబ్యూటర్‌తోనే వెళ్లాం. సరుకు అతనే కొనుక్కుంటాడు, మన డబ్బు మనకొచ్చేస్తుంది, అక్కడ ఎవరు ఎగ్గొట్టినా అతని తలనొప్పి. ఇంకేం కావాలి అనుకుని, ఆ దేశం మొత్తానికి మూడేళ్లపాటు అతనొక్కడికే అమ్ముతామని సంతకం పెట్టేశాం. ఏడాదికి కనీసం ఇంత కొనాలన్న షరతు మాత్రం రాయలేదు. మొదటి ఆర్డర్ పెద్దదే. తర్వాత చప్పుడు లేదు. ఎనిమిది నెలలు చూసి నేనే వెళ్లాను. గోడౌన్‌లో మా పెట్టెలు వెనక గోడ వారన, ప్లాస్టిక్ పట్టీలు కూడా విప్పకుండా, దుమ్ముపట్టి ఉన్నాయి. ముందు వరుసలో, చేతికందే ఎత్తులో, మా పోటీ కంపెనీ వాల్వులు! మా సరుకు వేరేవాళ్ల చేతికి పోకుండా ఆపడానికే అతను కొన్నాడని అప్పుడు అర్థమైంది. పోనీ కస్టమర్లను మేమే పలకరిద్దామంటే ఒక్కరి పేరూ మా దగ్గర లేదు.

ఏజెంట్ సరుకు కొనడు, ఆర్డర్ తెస్తాడు. బిల్లు మన పేరు మీదే వెళ్తుంది, ధర మనమే చెప్తాం, కస్టమర్ ఎవరో మనకు తెలుస్తుంది. బాకీ కూడా మనదే మరి. అందుకే డబ్బు చేతికొచ్చాకే కమీషన్ అని రాసుకోండి. కాస్త ఎక్కువ కమీషన్ తీసుకుని బాకీకి పూచీ ఉండేవాళ్లూ ఉంటారు, డెల్ క్రెడెరె ఏజెంట్లంటారు.

యూరోపియన్ యూనియన్‌లో ఇంకో మెలిక ఉంది. 1986 నాటి డైరెక్టివ్ (సభ్యదేశాలన్నీ తమ చట్టాల్లో అమలు చేయాల్సిన ఆదేశం) ప్రకారం, గడువు లేని ఒప్పందమైతే ఏజెంట్‌కు మొదటి ఏడాది 1 నెల, రెండో ఏడాది 2 నెలలు, ఆపైన కనీసం 3 నెలల నోటీసు ఇవ్వాలి. అతను తెచ్చిన కస్టమర్లు మనకే మిగులుతారు కాబట్టి, చాలా సందర్భాల్లో తీసేసేటప్పుడు పరిహారం కూడా అడగొచ్చు. ఒప్పందంలో వేరే దేశం చట్టం రాసుకుంటే తప్పించుకోవచ్చనుకునేరు. కాలిఫోర్నియా చట్టం వర్తిస్తుందని రాసుకున్న ఒక కంపెనీకి ఆ ఎత్తు పారదని 2000లో యూరోపియన్ యూనియన్ కోర్టు తేల్చింది. డిస్ట్రిబ్యూటర్‌తో అయితే వేరే చిక్కు: ధర సూచించవచ్చు గానీ, ఇంతకే అమ్మాలని శాసించడాన్ని యూరోపియన్ యూనియన్ పోటీ చట్టం ఒప్పుకోదు.

మీది పంపులు కాబట్టి నేనైతే డిస్ట్రిబ్యూటర్ వైపే మొగ్గుతాను. సీల్ పోయిందంటే కొన్నవాడు ఓడ వచ్చేదాకా ఆగడు. స్పేర్లు, రిపేరు అక్కడే దొరకాలి. కొనేవాళ్లు పది ఫ్యాక్టరీలే అయి, ఆర్డర్‌ను బట్టి చేసి పంపే సరుకైతే ఏజెంట్ చాలు. మేం ఇప్పుడు చేస్తున్నది అదే.

ఒప్పందం మొదట ఏడాదికే చేయండి. ఏడాదికి కనీసం ఇంత కొనాలన్న షరతు నెరవేర్చకపోతే, అతనొక్కడికే అమ్ముతామన్న ప్రత్యేక హక్కు దానంతటదే పోవాలి. ఏ నెల ఎవరికి ఎంత అమ్మాడో లెక్క పంపాలి. ట్రేడ్‌మార్క్ మాత్రం సంతకానికి ముందే మీ పేరున రిజిస్టర్ చేయించండి, చాలా దేశాల్లో ముందు దరఖాస్తు పెట్టినవాడిదే హక్కు. నేను వెళ్లినరోజు ఆ డిస్ట్రిబ్యూటర్ బల్ల మీద మా బ్రాండ్ పేరుతో ఒక దరఖాస్తు కనిపించింది. యజమాని అన్న గడిలో అతని కంపెనీ పేరుంది.