ఆర్‌ఏ ఫ్యాక్టర్ నెగెటివ్ వచ్చినా కీళ్లవాతం ఉండొచ్చా?

ప్రశ్న: నా వయసు 33. కుట్టుపని చేస్తాను. నాలుగు నెలలుగా రెండు చేతుల వేళ్ల కణుపులు, మణికట్లు నొప్పి, వాపు. పొద్దున లేవగానే పిడికిలి పడదు, జాకెట్ హుక్కులు కూడా పెట్టుకోలేను. పది దాటితే కాస్త వదులవుతుంది. ఆర్‌ఏ ఫ్యాక్టర్ నెగెటివ్, యూరిక్ యాసిడ్ నార్మల్ అని వచ్చింది. బలహీనత అని కాల్షియం రాశారు. మందుల షాపులో పొట్లం కట్టి ఇచ్చిన గోళీలు వేసుకుంటే హాయిగా ఉంటోంది గానీ ముఖం ఉబ్బింది. మా అత్తగారు చింతపండు, వంకాయ, పెరుగు మాన్పించారు. రెండో బిడ్డ కోసం అనుకుంటున్నాం. ఇది కీళ్లవాతమేనా?
– ఒక సోదరి, ఖమ్మం

జవాబు: అయ్యుండే అవకాశం చాలా ఎక్కువ. రిపోర్టు పక్కన పెట్టి ముందు మీరు చెప్పిన లక్షణాలే చూద్దాం. అరుగుదల వల్ల వచ్చే మోకాళ్ల నొప్పుల్లోనూ పొద్దున కీళ్లు బిగుసుకుంటాయి. కానీ నాలుగు అడుగులు వేస్తే, అరగంటలోపే సర్దుకుంటాయి. సాయంత్రానికి, పని చేసేకొద్దీ నొప్పి పెరుగుతుంది. మీకు అంతా తిరగబడి ఉంది. గంటల తరబడి బిగుతు, పనిలో పడ్డాక ఉపశమనం, పైగా రెండు చేతుల్లోనూ చిన్న కీళ్ల వాపు. కీళ్లవాతం, అంటే రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ (ఆర్‌ఏ), సాధారణంగా ఇలాగే మొదలవుతుంది. మన రోగనిరోధక వ్యవస్థే కీళ్ల లోపలి పొర మీద దాడి చేయడం వల్ల వచ్చే జబ్బు ఇది. మగవారి కంటే ఆడవారిలో రెండు మూడు రెట్లు ఎక్కువ.

ఈ జబ్బు ఉన్నవారిలో నూటికి 20 నుంచి 30 మందికి ఆర్‌ఏ ఫ్యాక్టర్ అనే రక్తపరీక్ష నెగెటివ్‌గానే వస్తుంది. ఏ జబ్బూ లేని కొందరు పెద్దవాళ్లలో పాజిటివ్ వస్తుంది. అందుకే ఆ ఒక్క కాగితం చూసి ఉందనీ లేదనీ తేల్చకూడదు. యాంటీ సీసీపీ (ఈ జబ్బును గుర్తించే మరో రక్తపరీక్ష), ఈఎస్ఆర్, సీఆర్పీ (ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే రక్తపరీక్షలు), చేతుల ఎక్స్‌రే చేయించండి. నొప్పులు మొదలయ్యే ముందు జ్వరం వచ్చి ఉంటే ఆ సంగతీ చెప్పండి. చికున్‌గున్యా తర్వాత కూడా అచ్చం ఇలాంటి నొప్పులు నెలల తరబడి వేధిస్తాయి.

ఇక ఆ పొట్లం గోళీలు. ముఖం ఉబ్బిందంటే వాటిలో స్టెరాయిడ్ ఉందని నాకు గట్టి అనుమానం. పేరు లేకుండా పొట్లం కట్టి ఇచ్చే మందు ఏదైనా సరే, నాకు నచ్చదు. నొప్పి పోతుంది, లోపల కీలు దెబ్బతింటూనే ఉంటుంది. షుగర్, బీపీ పెరుగుతాయి, ఎముకలు గుల్లబారతాయి. అయితే వారాల తరబడి వాడి ఉంటే రేపటి నుంచే ఆపేయకండి. ఉన్నట్టుండి మానేస్తే నీరసం, వాంతులు, బీపీ పడిపోవడం జరగొచ్చు. ఆ గోళీలు వెంట తీసుకుని ఈ వారంలోనే రుమటాలజిస్టును (కీళ్లవాత నిపుణులను) కలవండి. డోసు ఎలా తగ్గించాలో వారు చెబుతారు. హైదరాబాద్ నిమ్స్‌లో ఈ విభాగం ఉంది. ఆలస్యం వద్దనడానికి కారణం ఉంది: ఎముక కొరుక్కుపోవడం చాలామందిలో మొదటి రెండేళ్లలోనే మొదలవుతుంది, వంకరపోయిన వేళ్లను మందులు సరిచేయలేవు.

జబ్బు ఖాయమైతే సాధారణంగా మొదట రాసేది మెథోట్రెక్సేట్. ఇది వారానికి ఒక్కసారే వేసుకోవాల్సిన మందు. పొరపాటున రోజూ వేసుకుని రక్తకణాలు పడిపోయి ఆసుపత్రి పాలయ్యేవాళ్లున్నారు. గర్భం కోసం ప్రయత్నిస్తూ దీన్ని అసలు వాడకూడదు, పిండానికి హాని. కాబట్టి రెండో బిడ్డ సంగతి డాక్టరుకు మొదటి మాటగా చెప్పండి. హైడ్రాక్సీక్లోరోక్విన్, సల్ఫాసలజీన్ లాంటివి గర్భంలోనూ వాడొచ్చు. జబ్బు అదుపులోకి వచ్చాక బిడ్డ గురించి ఆలోచిస్తే మంచిది. చాలామందికి గర్భంలో నొప్పులు తగ్గి, కాన్పయ్యాక తిరగబెడతాయి. అప్పుడు మళ్లీ చూపించుకోవాలి.

చింతపండు, వంకాయ, పెరుగు తినడం వల్ల ఈ జబ్బు రాదు, మానితే పోదు. అత్తగారికి నా మాటగా చెప్పి పెరుగన్నం తినండి. మిషన్ పని పూర్తిగా మానక్కర్లేదు. వాపు తగ్గేదాకా మందపాటి గుడ్డలు కత్తిరించే పని మాత్రం ఇంకెవరికైనా అప్పగించండి.