బొగ్గు సంగతి తర్వాత, ముందు కర్ర ఎండనీ

చి.ల.సౌ. పార్వతికి మావయ్య ఆశీస్సులు.

ఫోన్లో సగం మాటలు గాలికి పోయాయి, అందుకే రాస్తున్నాను. జీడితోటలో కొమ్మలు కొట్టించావనీ, గట్టు మీద గుట్ట పడి ఉందనీ, బొగ్గు కాల్చి అమ్ముదామని మీ ఆయన తొందరపడుతున్నాడనీ చెప్పావు. అగ్గిపెట్టె తియ్యకముందు అతన్ని ఈ లెక్క చూడమను. మట్టి కప్పి కాల్చే బట్టీలో వంద కేజీల ఎండు కర్ర వేస్తే పదిహేను కేజీలు, మహా అయితే ఇరవై కేజీల బొగ్గు చేతికొస్తుంది. కేజీ బొగ్గుకి కేజీ కర్ర ధరకి ఐదు నుంచి ఏడు రెట్లు పలికితే గానీ కర్ర ఖరీదే రాదు. రాత్రి కాపలా, మట్టి పని, గోనెసంచులు వేరే. కర్రగా అమ్ముడుపోయే సరుకుని బొగ్గు చెయ్యడం నాకెప్పుడూ నచ్చదు. కర్రగా ఎవడూ ముట్టుకోనిది ఉంటుంది చూడు, వంకరలు, కణుపులు, పంగలు, దానికే బొగ్గు దారి.

కాబట్టి ముందు గుట్టని విడగొట్టించు. బొటనవేలి కంటే సన్నవి చితుకులు. అక్కణ్ణుంచి మణికట్టు లావు దాకా పొయ్యి పుల్లలు. అంతకు మించినవి నిలువునా చీల్చాల్సిందే, బెరడుతో ఉన్న గుండ్రటి కర్ర లోపల నెలలైనా తడారదు. చితుకులు జానెడు, పుల్లలు మూరెడు, ఒకే కొలతకి నరికించు. ఒక కట్టలో నాలుగు కొలతలుంటే హోటలువాడు ధర అక్కడే తగ్గించేస్తాడు. ఆకు మాత్రం తోట దాటనివ్వకు, చెట్ల మొదళ్లలో పరిపించు.

నరికేటప్పుడు కూలీలని పొడుగు చేతుల చొక్కాలు వేసుకోమను. పచ్చి జీడి కొమ్మ రసం తగిలితే కొందరికి ఒళ్లు పొక్కుతుంది. ఇంకోటి, మొదలు దగ్గర బంక కారుతూ, రంధ్రాల్లోంచి రంపం పొట్టులాంటిది రాలుతూ ఉన్న చెట్లని కొట్టించావంటే అది కాండం తొలిచే పురుగు. ఆ దుంగల్ని తోటలో పేర్చి ఎండబెడితే లోపలి పురుగు పెంకుపురుగై బయటికొచ్చి మంచి చెట్ల మీద పడుతుంది. వాటిని ఆ వారంలోనే తోట బయటికి తెచ్చి, చీల్చి, బెరడు ఊడదీసి, కనిపించిన పురుగునల్లా చంపేయాలి. వేరు మొద్దులైతే చూసుకోనక్కర్లేదు, తగలబెట్టెయ్.

ఇక ఎండబెట్టడం. డబ్బు ఉన్నదంతా ఇక్కడే. పచ్చి కర్ర బరువులో సగానికి దగ్గరగా నీళ్లే. అది అమ్మితే కాటా మీద ఒకసారి లాభం కనిపిస్తుంది, కొన్నవాడి కంట్లో పొగ పోయాక మళ్లీ నీ గుమ్మం తొక్కడు. కింద రెండు వరసలు రాళ్లో కొబ్బరి మొద్దులో పరిచి, నేల తగలకుండా, గాలి ఆడేలా అడ్డంగా ఒక వరస, నిలువుగా ఒక వరస పేర్చించు. పైన మాత్రమే టార్పాలిన్ కప్పాలి. మనవాళ్లు వానకి భయపడి పక్కలు కూడా మూసేస్తారు, లోపల బూజు పడుతుంది. పక్కలు వదిలేసి, చూరు రెండు జానలు బయటికి రానీ. ఎండిందీ లేనిదీ చూసి చెప్పలేవు. రెండు పుల్లలు తీసి ఒకదాన్నొకటి కొట్టు. పచ్చిదైతే మొద్దుగా మోగుతుంది, ఎండితే ఖంగున పలుకుతుంది. చివర్లలో సన్నటి పగుళ్లు రావాలి, బెరడు గోటితో లేవాలి. అయినా అనుమానముంటే నాలుగు పుల్లలకి సున్నం గుర్తు పెట్టి వారానికోసారి తూచు. బరువు తగ్గడం ఆగిందంటే కట్టలు కట్టొచ్చు.

అమ్మడానికి బేగి పరిగెత్తకండి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను తర్వాత చూశావుగా, మన ఉద్దానం ప్రాంతమంతా జీడీ కొబ్బరీ ఒక్కసారే నేలకొరిగాయి. అందరి దగ్గరా కర్ర ఉన్నప్పుడు ధర చెప్పేది కొనేవాడే. శ్రావణంలో పెళ్లిళ్లు మొదలవుతాయి, బయట కర్రంతా తడిసి ఉంటుంది, వంటవాళ్లు ఎండు కర్ర కోసం వెతుక్కుంటారు. అప్పుడు నీ దగ్గరికి వాళ్లే రావాలి. పలాస జీడి ఫ్యాక్టరీల చుట్టూ మాత్రం తిరగొద్దు, వాళ్ల బాయిలర్లకి వాళ్ల జీడి తొక్కే ఉంది. ఆ తొక్క చవగ్గా దొరుకుతుంది కదాని చితుకుల కట్టలో కలపకు, ఆ నూనె పొగకి కళ్లూ గొంతూ మండిపోతాయి. జీడి కర్ర తేలిక, బేగి అంటుకుని బేగి అయిపోతుంది. సెగ నిలవాలంటే సరుగుడు కావాలి. రణస్థలం, ఎచ్చెర్ల వైపు సరుగుడు తోటలు కొట్టినప్పుడు కాగితం మిల్లుకి పనికిరాని చివర్లు మిగిలిపోతాయి. ఒక ట్రాక్టరు తెప్పించి, మూడొంతులు జీడికి ఒక వంతు సరుగుడు కలిపి కట్టు. అలా కలిపినట్టు కొనేవాడికి చెప్పే అమ్ము.

మిగిలిన వంకరలకి బట్టీ అక్కర్లేదు. నడుం లోతున, పైన వెడల్పుగా కిందకి సన్నంగా గొయ్యి తవ్వించు. అడుగున చిన్న మంట వేసి, కొమ్మలు పలచగా ఒక్కో పొర వెయ్యాలి. పై కర్ర మీద తెల్ల బూడిద పట్టడం మొదలైందా, వెంటనే ఇంకో పొర. పై మంట గాలిని తినేస్తుంది, కింది బొగ్గు బూడిద కాకుండా నిలుస్తుంది. గొయ్యి నిండి మంట తగ్గగానే నీళ్లు బాగా గుప్పించాలి. పది బిందెలు ముందే నింపి పక్కన పెట్టుకోండి, మంట పెట్టాక నుయ్యి దగ్గరికి పరిగెత్తితే సగం బూడిదే. ఆరాక జల్లెడ పట్టి, పెద్ద ముక్కలు ఇస్త్రీ బళ్లకీ, హైవే మీద తందూరీ పెట్టే ధాబాలకీ, నలుసు పశువుల పెంట గత్తంలోకి. ఒక రోజంతా ఆరుబయట పరిచి ఉంచాకే సంచులకెత్తండి, లోపల నిప్పు దాగి ఉంటే రాత్రి గోనె అంటుకుంటుంది. చలికాలం కదాని గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని తలుపేసుకోవద్దని కొనేవాళ్లకి కూడా చెప్పు, ఆ గాలికి నిద్రలోనే ప్రాణం పోతుంది.

కాగితాల సంగతి మీ ఆయనకే అప్పజెప్పు. 1967 అటవీ చట్టంలో బొగ్గు పెరట్లో కాల్చినా అటవీ ఉత్పత్తి కిందే లెక్క. చెట్టు మొదలంటా కొట్టడానికైతే వాల్టా చట్టం, అదే నీరు, భూమి, చెట్ల చట్టం, ఉంది. బండి కదలకముందే కాశీబుగ్గ రేంజి ఆఫీసులో అడిగి, పట్టా కాగితం చూపించి, ఏం రాసిస్తారో రాయించుకోమను. నా పాత కాటా, తూకం రాళ్లు అటక మీద ఉన్నాయి, మీ అత్త పండక్కి వస్తూ తెస్తుంది.

మీ మావయ్య